హంగరీ తివాచీకి అనంతపురం గంజి

టర్కీ సైన్యాలు హంగరీకి చేసిన నష్టం చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. పుట్టపర్తిలో నేను చేసిన నష్టం మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఆ లోటు నేనే తీరుస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేనొక లాడ్జికి మేనేజరుని. అంటే తాళాలూ దోమలూ నా అధీనంలో ఉండేవి. హంగరీ నుంచి వచ్చిన మార్తా మేడం వాళ్ళ అవ్వ నేసిన ఉన్ని తివాచీ వెంట తెచ్చుకుంది. దాన్నిండా ఎర్రటి పూలు.

"ఇవి టర్కీ పూలు. వాళ్ళు మమ్మల్ని నూరేళ్ళకు పైగా ఏలారు. వాళ్ళు పోయినా పూలు మా మగ్గాల మీద ఉండిపోయాయి" అని ఇంగ్లీషులో చెప్పి, "సాయంత్రం బెంగుళూరుకు పోవాలి. కాస్త దుమ్ము దులిపించు" అంది.

దులిపించమంటే దులిపించి ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? కంబళ్ళు నేసే ఓబుళప్పన్న దగ్గరికి మోసుకుపోయాను. ఆయన వేళ్ళతో నలిపి పెదవి విరిచాడు.

"ఏమప్పా, ఇంత మెత్తగా ఉండాది? చింతగింజల గంజి పెట్టలేదా?"

"పాపం, వాళ్ళ దేశంలో చింతచెట్లు యాడుంటాయన్నా!"

"మరి వానొస్తే ఏం గతి? గంజి ఉంటేనే గదా నీళ్ళు లోపలికి దిగవు!"

మా జిల్లాలో వానొస్తుందని దిగులుపడే మనిషి ఆయనొక్కడే. అయినా నాలో జిల్లాభిమానం పొంగింది. టర్కీ వాళ్ళు పూలిచ్చారు, మనం గంజైనా ఇవ్వొద్దా? "దండిగా పెట్టన్నా!" అన్నాను.

చింతగింజల గంజి పట్టించి బండ మీద ఆరేశాం. మా ఎండ సంగతి తెలుసుగా, మధ్యాహ్నానికి తివాచీ అప్పడమైంది. గోడకు ఆనిస్తే నిలబడింది. గోడ పడిపోయినా అది నిలబడేదే!

ఓబుళప్పన్నా నేనూ దాన్ని లాడ్జికి మోసుకొచ్చేసరికి సాయంత్రమై టాక్సీ వచ్చింది. డ్రైవరు అడిగాడు: "అన్నా, ఈ తలుపు గూడా వస్తాండాదా?"

మేడం తివాచీని వేలితో కొట్టి చూసింది. టక్ టక్‌మంది. "మా అవ్వది..." అని ఆమె కళ్ళు తడిశాయి. లాడ్జి మొత్తమ్మీద ఆ పూట ఉన్న తడి అంతే. కొళాయి ఎండిపోయి చాలా రోజులైంది.

"కప్పుకోంగ కప్పుకోంగ అదే మెత్తబడతాదిలేమ్మా" అన్నాడు ఓబుళప్పన్న.

"ఎప్పటికి?" అడిగాను నేను.

"రొండు చలికాలాలకి."

ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పగానే మేడం కళ్ళు తుడుచుకుంది. తివాచీని నేల మీద పడేసి, చెప్పులు విడిచి, దాని మీదకెక్కి తొక్కడం మొదలుపెట్టింది. "ఏం చూస్తున్నావు, ఎక్కు!"

నేను ఎక్కాను. ఓబుళప్పన్న పంచె ఎగ్గట్టి ఎక్కాడు. "నేనేం పాపం చేసినానన్నా!" అంటూనే డ్రైవరూ ఎక్కాడు. పెళపెళమని గంజి విరిగి పొడై లేచింది. బయట జనం భజన అనుకుని చప్పట్లు కూడా అందుకున్నారు. చివరికి తివాచీ మూలుగుతూ మడత పడింది.

మేడం దాన్ని పెట్టెలో కుక్కి, ఆయాసపడుతూ నవ్వింది. "టర్కీ వాళ్ళు కూడా మాతో ఇన్ని గంతులు వేయించలేదయ్యా!"

కుక్క పని గాడిద చేస్తే గాడిద నడుమే విరిగిందట. నా మోకాళ్ళు ఆ సంగతి వారంపాటు చెప్పాయి. వాటి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ దేశపు ఉన్నికీ గంజి పెట్టించను. గంజంటూ కనబడితే, ఉప్పేసుకుని తాగేస్తాను.