ఏడో గొట్టం

కట్ట తెగినప్పుడు పోయినవి: వాగు ఒడ్డున కూలీల గుడిసెలు పదమూడు, ఎద్దులు నాలుగు జతలు, పొట్టకొచ్చిన వరి కనుచూపు మేర, మనుషులు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు మా చిన్నబాపు, అమ్మ చెల్లెలి భర్త. నిన్న మా గల్లీలో బోరు వేసి, దింపిన ఇనుప గొట్టానికి ఎవరో పసుపు కుంకుమ పెడుతుంటే ఈ లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకున్నాను.

అప్పట్లో ఆదిలాబాద్ అడవి అంచున ఒక వాగుకు అడ్డంగా కట్ట పోస్తున్నారు. మట్టిలో నీరు ఎంత ఎత్తుకు ఊరుతున్నదో తెలియడానికి కట్ట పొడవునా సన్నని గొట్టాలు నిలువునా పాతారు. టేపు కొసకు ఇత్తడి గుండు కట్టి లోపలికి జారవిడిచి, అది నీటిని తాకిన లోతు చూడటం నా పని. నా చదువు అయిదో తరగతి. మిగతా లెక్కలు ఆ టేపే నేర్పింది. కరీంనగర్ వైపు నుంచి మట్టి తట్టలు మోయడానికి వచ్చిన మా చిన్నమ్మకు ఏడో గొట్టంలో గంగమ్మ కనిపించింది. శుక్రవారం శుక్రవారం దానికి బొట్టు పెట్టి చెంబెడు నీళ్ళు పోసేది. లోపల మట్టం పెరిగేది, మర్నాటికి దిగేది. కోస్తా నుంచి వచ్చిన ఓవర్సీరు నవ్వేవాడు: "లోపలున్నది గంగమ్మ కాదమ్మా, మీవాడి గుండు."

ఆ ఏడు వానలు తెరిపివ్వలేదు. ఒక మంగళవారం సాయంత్రం ఏడో గొట్టంలో నీరు తొమ్మిది అడుగులు పైకి వచ్చి ఉంది. మిగతా గొట్టాలలో మార్పు లేదు. ఓవర్సీరు చిన్నమ్మను పిలిచి, మళ్ళీ పోశావా అన్నాడు.

"పొయ్యలే సారూ. పోస్తే పోసిన్ననే చెప్త. మీకు భయపడేదాన్నయితే మొదటి చెంబే పొయ్యకపోదునా? కొండగట్టు అంజన్న మీద ఒట్టు."

"అంజన్నకు నీ చెంబు సంగతి తెల్వదే," అన్నాడు తట్ట దించుతున్న చిన్నబాపు. అందరం నవ్వాం.

"పోసిన నీళ్ళయితే తెల్లారేసరికి దిగుతాయి, ఊరిన నీళ్ళయితే దిగవు. పొద్దున్నే కొలిచి చెప్పు," అన్నాడు ఓవర్సీరు నాతో. ఆ మాటలో తప్పు నాకు ఇప్పటికీ కనిపించదు.

తెల్లారకముందే కట్ట సరిగ్గా అక్కడే తెగింది. గొట్టం కూడా దొరకలేదు.

ఆమె పోసిన నీళ్ళకే కట్ట నానిందని జనం ఒకటే మాట పట్టుకున్నారు. చెంబెడు నీళ్ళకు కట్ట తెగదని నేను లెక్క కట్టి చెప్పాను. చుట్టం చెప్పే లెక్క ఎవరికి కావాలి? మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఏ పనికి పోయినా అక్కడి ఆడవాళ్ళు కడవలు పక్కకు జరుపుకునేవారు. నేను కనిపించినప్పుడల్లా ఒకటే అడిగేది: "బిడ్డా, గా పొద్దుగాల ఎంత ఉండెనో నీ లెక్కల తేలదా?" తేలదు చిన్నమ్మా, అనేవాణ్ణి. చివరి జ్వరంలో కూడా అదే అడిగి పోయింది.

ఆ తర్వాత ఎన్ని పొద్దులు తెల్లారాయో. ఏడో గొట్టంలో ఆ ఒక్క పొద్దుటి లోతు ఎన్ని అడుగులో, ఆ అంకె మాత్రం ఆమెకు ఇంకా బాకీ.