ఓడ ముందు వైపు

నా భార్యది అనంతపురం జిల్లా. పెళ్లయి ఢిల్లీ వచ్చినా సముద్రం చూడలేదు. ఆర్.కె. పురం క్వార్టర్లో ఉండగా, నేను లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక యాత్రల పుస్తకం చదివి, "దీవి మొదట మబ్బు మాదిరి కనపడుతుందంట. కాసేపటికి గానీ నేలని తెలీదంట. అది చూడాల," అంది. ఆమె నన్ను అడిగినవి తక్కువ. అందుకే ఎనభైల మొదట్లో, తోటివాళ్లంతా సర్కారిచ్చే ఎల్.టి.సి. ప్రయాణ ఖర్చు మీద సొంతూళ్లకు పోతుంటే, మేము మద్రాసులో అండమాన్ ఓడ ఎక్కాం.

పెద్ద ఓడ. పిల్లలకు సినిమాలు, సాయంత్రం తంబోలా. అవన్నీ పై అంతస్తులో. నా హోదాకు దక్కింది బంక్ క్లాసు. అడుగున ఒక హాలు, ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, డీజిల్ వాసన, వాంతుల వాసన. గాలి పీల్చుకోవడానికి మాకు వెనక డెక్ వదిలారు. అక్కడినుంచి దాటి వచ్చిన నీళ్లే కనిపిస్తాయి. ముందు వైపుకు పోవాలంటే కేబిన్ల మీదుగా పోవాలి. మెట్ల దగ్గర తాడు కట్టి ఒక మనిషిని నిలబెట్టారు. "ఉధర్ నహీ, బెహన్‌జీ. కేబిన్ వాళ్లు ఎవరైనా వెంట తీసుకెళ్తే ఠీక్ హై," అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు.

అదే ఓడలో కేబిన్‌లో మా ఆఫీసు పై అధికారి, ఆయన భార్య ఉన్నారు. తెలుగువాళ్లే, మా పక్క వీధివాళ్లే. ఏటా ఎండాకాలంలో ఆవిడ ఊరగాయ పెట్టించుకోవడానికి నా భార్యను పిలిపించుకునేది. ఆ కారానికి మంటెత్తిన చేతులు నేను చూశాను.

మొదటి సాయంత్రమే ఆవిడ తాడు దాకా దిగి వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏవమ్మాయ్, ఈ ఓడ తిండి నోట పెట్టలేకపోతున్నాం. ఊరగాయ తెచ్చుకునే ఉంటావుగా?"

"తెచ్చినానక్కా."

నా భార్య స్టీలు డబ్బా నిండా పెట్టి ఇచ్చింది. ఇస్తూ అడిగింది. "దీవి కనపడే పొద్దున ఒక్క అర్ధగంట ముందుకొచ్చి చూసిపోతానక్కా. మీరు తోడుంటే రానిస్తారంట."

"అదెంత భాగ్యం! మావారితో చెప్తానుగా."

మర్నాడు ఖాళీ డబ్బా కిందికి వచ్చింది, మళ్లీ నింపి పంపమని. ముందుకు తీసుకెళ్లే సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు.

చేరే రోజు నా భార్య చీకటితోనే లేచి, మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. ఎవరూ రాలేదు. నేను కబురు చేయిస్తే అధికారి పళ్లు తోముకుంటూ వచ్చాడు.

"ఏమోయ్, ఇక్కడా వదలవా నన్ను?"

"ఒక్క అర్ధగంట సార్. ఆమె ఒక్కతే."

"చూడు, క్లాసంటే క్లాసే. ఇవాళ నీకు సడలిస్తే రేపు ఆఫీసులో ఏమంటారు?"

ఆఫీసు ఢిల్లీలో ఉంది. మేము బంగాళాఖాతంలో ఉన్నాం. మా ఆఫీసువాడు అక్కడ ఇంకొకడు లేడు. తాడు ఎత్తడానికి ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆ మాట దాచుకుని ఆయన ఏం బాగుపడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అంతలో పైనుంచి, దీవి కనపడిందని కేకలు. "దిఖ్ గయా! దిఖ్ గయా!" మేము వెనక డెక్ మీదికి పరిగెత్తాం. ఓడ మలుపు తిరిగి మా వైపుకు దీవి వచ్చేసరికి చెట్లు, కప్పులు, జెట్టీ అన్నీ తెలుస్తున్నాయి.

"అప్పుడే నేల అయిపోయిందే," అంది నా భార్య.

ఆ దశాబ్దం చివర్లో ఆమె ఢిల్లీ ఆసుపత్రిలో పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లలో ఆ అధికారి భార్య కూడా ఉంది. మా బంధువుల మధ్య కూర్చుని, "ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలు. మేమంతా కలిసే అండమాన్ వెళ్లాంగా! ఓడ ముందు నిలబడి, దీవి వస్తుంటే చిన్నపిల్లలా చూసింది," అని కళ్లు ఒత్తుకుంది.

అబద్ధమాడుతోందని నేను అనుకోను. ఆవిడకు అలాగే గుర్తుంది. నాకు ఒళ్లు మండింది అందుకే. బతికుండగా నిలబడనివ్వని చోట, పోయాక తీసుకెళ్లి నిలబెట్టింది.

"లేదండీ," అన్నాను. "చూడలేదు. మీరు రానివ్వలేదు."

మా వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడెందుకయ్యా ఆ మాటలు?"

"ఇంకెప్పుడు వదినా?"

ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది. చావింటి నుంచి వెళ్లేవాళ్లు చెప్పి వెళ్లరు, ఇంటివాళ్లు సాగనంపరు. నేను వెనకే వెళ్లాను. ఆటో కోసం ఆవిడ రోడ్డు వైపే చూస్తోంది. పక్కన నిలబడి, తాడు దగ్గర ఆ పొద్దున ఏం జరిగిందో మొదటినుంచి చెప్పాను. ఒక ఆటో ఖాళీగా వచ్చి ఆగింది. నేను పూర్తి చేసేదాకా ఆవిడను ఎక్కనివ్వలేదు.