రైతు ఏమన్నాడో

ఎమ్మిగనూరు అవతలి పల్లె నుంచి మా ఇంటికి వచ్చే భజన మేళం మీద నాకు పీకలదాకా కోపం ఉండేది. ఉండేది ఏమిటి, సగం ఇప్పటికీ ఉంది.

మాది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇల్లు. నా చిన్నప్పటి నుంచి ఏటా ముక్కోటి ఏకాదశికి ఆ మేళం రావలసిందే. హార్మోనియం, తబలా, చెక్కలు, పది గొంతులు, అంతే. ఒక పెద్దాయన పాట ఎత్తుకుంటే మేళంతో పాటు మేమూ వంత పాడేవాళ్ళం. వాళ్ళ పాటల్లో ఒకటంటే నాన్నకు ప్రాణం. ఎండన పడి వచ్చిన దేవుడు మెట్టచేలో రైతును గుక్కెడు నీళ్ళు అడుగుతాడు. అది పల్లవి. రైతు చెప్పే జవాబు చరణాల్లో ఉంటుంది. "నేను పోయినాక ఏడాదికి ఈ పాట పాడించు, ఇంకేమొద్దు" అని నాన్న ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మేళం మారిపోయిందని ఎమ్మిగనూరు సంతలో ఎవరో అంటే నేను నమ్మలేదు. నాన్న సంవత్సరీకానికి రమ్మని ఫోన్ చేసి పాట సంగతి గుర్తుచేస్తే "సూద్దాం లేన్నా" అన్నారు. అప్పుడే అనుమానించాల్సింది.

సంవత్సరీకం నాటి సాయంత్రం వచ్చారు. ఆటోలోంచి ముందు రెండు స్పీకర్లు దిగాయి. తర్వాత కీబోర్డు, ఆ తర్వాత మెరుపుల చొక్కాలు. హార్మోనియం ఏదంటే అటక మీద ఉందట. ఇక మొదలుపెట్టారు చూడండి, దేవుడి పేరు తగిలించిన సినిమా బాణీలు! మా మేనత్త మోకాళ్ళ నొప్పులు మరిచి చప్పట్లు కొట్టింది. నాకు అది ఇంకా మంట. మూడు పాటలు ఓర్చుకున్నాను. నాలుగోదానికి లేచి స్పీకరు వైరు లాగేశాను.

"ఇదేం భజనప్పా? ముప్పై ఏండ్లు మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్యాం. మాకిచ్చే మర్యాద ఇదేనా?"

మేళం నడిపే మనిషిది నా ఈడే. అతను కోప్పడలేదు. "పాత పాటలకు పిల్సేటోళ్ళు యాడుండారన్నా? హాలహర్వి కాడినుంచి కృష్ణగిరి దంకా అందరూ ఇయ్యే అడుగుతాండారు."

"వాళ్ళ సంగతి నాకెందుకు? మా నాయన పాట పాడండి."

అతను తల దించుకున్నాడు. "అది ఎత్తుకునే పెద్దాయన పోయినాడన్నా. కాయితం మీద పెట్టింది లేదు. చరణాలు మాకెవురికీ రావు."

"మీ పాట మీకే రాకపోతే ఇంకెవరికొస్తుంది?" అని అరిచాను.

"నువ్వు ముప్పై ఏండ్లు ముందర కూసోని ఇన్యావు గదన్నా. నువ్వే ఎత్తుకో. మేం వంత పాడతాం."

అది వెక్కిరింపు కాదు. స్పీకరు లేని కీబోర్డు మీదే సన్నగా పాత శ్రుతి పట్టి, నిజంగానే నా కోసం ఎదురుచూశాడు. గొంతు సవరించుకుని పల్లవి అందుకున్నాను. అందరూ వంత పాడారు. మళ్ళీ పాడాను, మళ్ళీ వంత. దేవుడు నీళ్ళు అడుగుతూనే ఉన్నాడు. రైతు ఏమన్నాడో నాకు రాదు. ఇన్నేళ్ళూ నేను పాడింది వంత ఒక్కటే.

అప్పుడు ఫోను గుర్తొచ్చింది. నాన్న ఉన్న ఆఖరి ఏకాదశికి ఆ పాట వీడియో తీశాను. ప్రాణం లేచివచ్చింది. లాగేసిన వైరు నేనే మళ్ళీ తగిలించి, ఫోను స్పీకరుకు కలిపాను. పెద్దాయన గొంతుతో పడసాల నిండిపోయింది. పల్లవి అయింది. చరణం ఎత్తుకున్నాడు. మొదటి మాట వినబడిందో లేదో, దాని మీద ఇంకో గొంతు వచ్చి పడింది.

"అబ్బబ్బా, భజనంటే ఇదీ! ఇట్లా పాడేటోళ్ళు ఈ జిల్లాలో ఉండారా?"

నా గొంతే. పక్కనున్న ఆయనకు చెబుతున్నాను, ఊపిరి తీసుకోకుండా, చరణాలన్నీ అయిపోయేదాకా.

చివర్లో నా వాగుడుకు అడ్డంపడి నాన్న గొంతు విసుగ్గా పలికింది.

"నోరు మూస్కోరా. రైతు ఏమన్యాడో ఇననీ."