రెక్కలో ముడత

మా వదిన పోయింది. పోయిన సోమవారం గార్లదిన్నె బడిలో పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తుంటే, మా అన్న పనిచేసే డిపో కండక్టరు రోడ్డు మీద బస్సు ఆపించి లోపలికి వచ్చాడు. "టీచరమ్మా, మీ వదినమ్మ తెల్లారుజామున పోయినాదంట. మీ అన్న చెప్పమన్యాడు. ఇదే బస్సుకు రామ్మా" అన్నాడు. పిల్లలకు సెలవు అని నేను చెప్పనే లేదు. వాళ్లే పలకలు సర్దుకున్నారు. అనంతపురం దాకా పక్కన కూర్చున్న ఆవిడ నా చేయి పట్టుకునే ఉంది. ఆవిడ ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

వదిన గుండె జబ్బని ఏడాదిగా మందులు మింగుతూ వచ్చింది. తల్లో ఇంకా ఒక్క తెల్లవెంట్రుక లేదు. ఇల్లు చేరేసరికి అన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. "నిన్న గూడా నిన్ను తల్చుకున్యాది పాపా" అన్నాడు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ సామెతకు మచ్చ రాకుండా నేను చాలా ఏళ్లు కష్టపడ్డాను. చారులో ఉప్పు తక్కువైందని, కొళాయి దగ్గర వరస పోగొట్టిందని, ఏదో ఒకటి అనేదాన్ని. ఆమె ఊరుకునే రకం కాదు. "పూర్తి మొగుడే నోరెత్తడు, ఈ అర్ధమొగుడికి ఎందుకమ్మా ఇంత నోరు?" అనేది. నేను టీచరు ట్రైనింగులో ఉండగానే నన్ను టీచరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఎగతాళికి పెట్టిన ఆ పేరు చివరకు ఊరంతటికీ నా పేరైంది. ఈ రోజు ఆ నోటితో మళ్లీ ఒక్కసారి అనిపించుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

వదినది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. నడక నేర్చిన కొత్తలోనే మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది. కొత్త పడుగు దారాలను పాత దారాల కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికే పని ఆమెది. ఆ పని కన్నుతో సాగదు, వేళ్లతోనే. మా అన్నేమో బెంగుళూరులో విమానాల రిపేరు నేర్చుకుని వచ్చినవాడు. వేరుశనగ చేల మీద పురుగుమందు చల్లే చిన్న విమానానికి మెకానిక్కు. ఊరవతల రాళ్లేరి చదును చేసిన మైదానం, ఒక రేకుల షెడ్డు, అదీ మా విమానాశ్రయం.

విమానం మా మిద్దె మీదుగా పోతే చాలు, వదిన పొయ్యి మీది సంగటి వదిలేసి వాకిట్లోకి పరుగెత్తేది. సంగటి అడుగంటేది. మా అమ్మ తిట్టేది. ఒకసారి నేను అడిగాను, అందులో ఏముందని అంత చూస్తావని.

"నేను పుట్టినప్పట్నుంచి సగం భూమిలోనే కూచున్యా టీచరమ్మా" అంది. "ఒక్కసారి పైనుంచి చూడల్ల. మా వీధిలో రంగులేసిన పట్టు మిద్దెల మింద ఆరేసింటారు. అది పైనుంచి ఎట్ల కనపడతాదో చూడల్ల. అంతే." ఆమె కోరగా నేను విన్న కోరిక అదొక్కటే.

విమానం రెక్క లోపల గుల్ల. ఆ గుల్లలో రబ్బరు తిత్తి పరిచి, దాంట్లో పెట్రోలు నింపుతారు. తిత్తికి ఎప్పుడూ పెట్రోలు తగులుతూ ఉండాలి, లేకపోతే ఎండిపోతుంది. వానల్లేవు, పంటల్లేవు, ఇంక పురుగు మాత్రం ఎక్కడిది? వరుస కరువుల్లో విమానం ఖాళీ తిత్తులతో షెడ్డులోనే నిలబడిపోయింది. చివరకు ఒక ఏడు వాన పడింది. వేరుశనగ మొలిచింది, వెనకే కంబళిపురుగు దిగింది. విమానంలో పెట్రోలు పోస్తే రెక్కల కింద నుంచి బొట్లు బొట్లుగా కారింది. తిత్తులు రెండూ బీటలు వారి ఉన్నాయి.

బెంగుళూరు నుంచి కొత్తవి చెక్కపెట్టెలో వచ్చాయి. రెక్క పైన టీ సాసరంత మూత ఒకటుంటుంది. పాత తిత్తిని లాగేదీ, కొత్తదాన్ని మడిచి దూర్చేదీ ఆ కంతలోంచే. ఆ తర్వాత లోపల చేయి పెట్టి తిత్తిని విప్పి పరచాలి. దాని చుట్టూ ఉన్న టిచ్ బటన్లను రెక్క లోపలి గోడకు ఒక్కొక్కటే నొక్కాలి. మా అన్న చేయి రోకలిబండ. మోచేయి దాటి లోపలికి పోలేదు. షెడ్డులో మిగతావాళ్లూ అలాంటివాళ్లే.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి, వదిన సంగటి పెడుతుంటే ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. "మే, చేయి చాపు" అన్నాడు. చాపితే జానలతో కొలిచాడు. "రేపు నాతో వస్తావా?"

"యాడికి?"

"రెక్కలోకి."

గాజులు తీయాలనేసరికి మా అమ్మ లేచింది. "మొగుడు కండ్లముందర ఉండంగా బోసి చేతులేందిరా దానికి?" అంది. గాజుపెంకు తగిలితే తిత్తి చిరుగుతుందని అన్న చెప్పాడు. పోనీ పసుపు దారమైనా కట్టుకోనీ అంది అమ్మ. దారప్పీచు పెట్రోల్లో పడుతుంది, అదీ వద్దన్నాడు. అమ్మ చాలాసేపు గొణిగి చివరకు తీర్పు చెప్పింది. "తీసిన గాజులు నేల మింద పెట్టగూడదు. ఇంగో ఆడకూతురి చేతికి ఉండల్ల." అలా సబ్బునీళ్లతో తీసిన వదిన గాజులు నా చేతికి ఎక్కాయి. ఆమె చేయి సన్నం, నాది కాదు. ఆ పని అయినన్నాళ్లూ నా మణికట్టు మంటపుట్టింది. కాలేజీ ఎగ్గొట్టి వాళ్ల వెంట పోవడానికి నాకూ వంక దొరికింది.

అన్న లోపలి మేకు తలలన్నిటి మీదా గుడ్డపట్టీలు అంటించి, తిత్తి ఒరుసుకోకుండా చిన్నపిల్లలకు పూసే పౌడరు చల్లాడు. తిత్తిని కాసేపు ఎండలో పరిచి మెత్తబరిచాడు. మా ఊరి ఎండ ఒక పనికి పనికొచ్చింది. వదిన రెక్క మీద గోనెసంచులు పరుచుకుని బోర్లా పడుకుని, భుజం దాకా చేయి దూర్చి, చెంప రేకుకు ఆనించి కళ్లు మూసుకునేది.

"కళ్లెందుకు మూసుకుంటావు? నిద్రొస్తోందా?" అన్నాను.

"తెరిస్తే నీ మొగం కనపడతాంది. చేయి చెప్పేది వినపడదు" అంది.

అన్న కింద నిలబడి అదే పనిగా ఒకే మాట చెప్పేవాడు, ముడత ఉండకూడదని. వాన నీళ్లో, పీపాల్లో దిగిన చెమ్మో పెట్రోలుతో పాటు కొంచెం లోపలికి పోతుంది. అది అడుక్కు దిగితే కింది గొట్టంలోంచి తీసేయవచ్చు. ముడత ఉంటే అక్కడే నిలుస్తుంది. విమానం చేల మీద కిందుగా పోతూ వంగినప్పుడు ఆ నీళ్లు ఇంజనులోకి పోతాయి. ఇంజను ఆగిపోతుంది. "ఈ జిల్లాలో యాడా నీళ్లు నిలబడవు గానీ, ముడతలో మాత్రం నిలబడతాయి" అనేవాడు అన్న.

పైలట్ కోస్తావాడు. 'అండి' లేకుండా మాట ముగించలేడు. మొదటి రెక్క పూర్తయిన రోజు వదినతో అన్నాడు. "ఇది మీ చేతి పనమ్మా. రెండోది కూడా అయిన సాయంత్రం పరీక్షకి ఎగరాలి. అప్పుడు మిమ్మల్ని ఎక్కించుకుని ధర్మవరం మీదుగా తిప్పి తీసుకొస్తానండి." ఆ సాయంత్రం తప్పితే మళ్లీ కుదరదనీ చెప్పాడు. తెల్లవారితే వెనక ట్యాంకు నిండా పురుగుమందే, ఇంకో మనిషిని ఎక్కించకూడదు. కంబదూరు వైపు చేలన్నీ ఎదురుచూస్తున్నాయి. అవి ముగిశాక అటు నుంచి అటే వేరే రాష్ట్రానికి.

వదిన నన్ను ప్రశ్నలతో చంపింది. పైన చలేస్తుందా, చెవులు మూసుకుపోతాయా, కిందివాళ్లు మనల్ని గుర్తుపడతారా. నాకేం తెలుసు? తెలిసినట్టే అన్నిటికీ జవాబులు చెప్పాను. మా అమ్మ కూడా మెత్తబడి, వాంతి వస్తే వాసన చూసుకోమని నిమ్మకాయ ఇచ్చింది. పెళ్లినాటి పట్టుచీర సంచిలో పెట్టుకుని వచ్చింది వదిన.

రెండో తిత్తి కూడా బిగిసింది. లోపలికి గాలి పట్టి, సబ్బునీళ్లు పూసి చూశారు. ఒక్క బుడగ రాలేదు. గాలి తీసేశారు. ఇంక మూత వేసి పెట్రోలు పోయడమే. వదిన షెడ్డులోకి వెళ్లి పట్టుచీర కట్టుకుని వచ్చింది. పైలట్ తన పక్క సీటు తుడిచి ఉంచాడు.

మగ్గం మీద నుంచి దించే ముందు చీరనంతా ఒకసారి చేత్తో తడమడం వాళ్లింటి అలవాటు. "ఒక్క తూరి" అని, ఆ పట్టుచీరతోనే రెక్క ఎక్కి చేయి లోపలికి పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత కళ్లు తెరిచింది. పడమట బారెడు పొద్దుంది. ఆ పొద్దునూ, తుడిచిన సీటునూ చూసింది. నేను నిచ్చెన మీద ఉన్నాను గనక ఆ ముఖం నాకు బాగా కనిపించింది.

"ముడత ఉండాది" అంది.

"యాడ?" అన్నాడు అన్న.

"ఆ కొస మూలన. గాలి తీసేటప్పుడు బటను ఊడినట్లుండాది. వేలంత."

అన్న అద్దం పెట్టి చూశాడు, కనపడలేదు. ఆమె చెప్పకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

"వేలంతేగా అమ్మా? ఇవాళ్టికి ఏం కాదండి. ముందు వెళ్లొద్దాం" అన్నాడు పైలట్.

"పెట్రోలు పోస్తే మళ్లా చేయి పోదు. రేపు పొద్దున నువ్వు చేల మింద కిందుగా పోతావు" అంది వదిన. కంగారులో ఆయనను నువ్వు అనేసింది. "నీకు పిల్లోళ్లుండారు గదప్పా."

పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి మళ్లీ బోర్లా పడుకుంది. ఆ మూల నుంచి బటన్లు వెనక్కి విప్పుకుంటూ వచ్చి, తిత్తి సర్ది, మళ్లీ అన్నీ నొక్కింది. పెట్రోలు దగ్గర దీపం పెట్టకూడదు. చీకట్లో విమానం దిగడానికి ఆ మైదానంలో దీపాలూ లేవు. ఆమె రెక్క దిగేసరికి మునిమాపు వేళయింది. చీర నిండా పౌడరే. ఇంటికి వచ్చే దారిలో నిమ్మకాయ నా చేతిలో పెట్టి, "రేపు చిత్రాన్నం చేద్దాం" అంది.

కంబదూరు చేలు ముగించుకుని పోయిన ఆ విమానం మళ్లీ మా వైపు రాలేదు. మరుసటేడు రైతులు వీపున పంపులు కట్టుకుని మందు కొట్టుకున్నారు. అన్న బస్సు డిపోలో చేరాడు. వదిన మాత్రం ఆకాశంలో ఏ మోత విన్నా గరిటెతోనే బయటికి వచ్చేది. కొన్నేళ్ల తర్వాత ఉండబట్టలేక అడిగాను. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఎగిరి ఉండేదానివి కదా, బాధగా లేదా అని. ఏదో గొప్ప మాట చెబుతుందనుకున్నాను.

"ఉండాది. ఎందుకుండదు? సచ్చేదాకా ఉంటాది" అని బియ్యం చెరగడంలో పడిపోయింది.

ఆ ముడత తీసిన మరునాటి పొద్దున నేనూ మైదానంలోనే ఉన్నాను. పెట్రోలు పోశాక, లోపల నీళ్లుంటే కిందికి దిగాలని రెక్క కొస పట్టుకుని విమానాన్ని ఊపుతారు. ఆ పని వదిననే చేయమన్నాడు పైలట్. ఆమె పెట్టె మీద నిలబడి రెండు రెక్కలూ ఊపింది. కింది గొట్టం తిప్పి గాజుగ్లాసులో పట్టి చూశారు. నీటిబొట్టు లేదు. వేరే పరీక్షకు వేళ లేదని విమానం మందు నింపుకుని కంబదూరు వైపు వెళ్లింది.

మందు అయిపోతే నింపుకోవడానికి తిరిగి రావాలి. రావలసిన వేళకు రాలేదు. అన్న షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగాడు. వదిన పడమటి దిక్కు చూస్తూ నిలబడింది. చివరకు మోత వినపడింది గానీ, పడమట కాదు, దక్షిణం నుంచి.

పైలట్ దిగి, అన్న పలకరిస్తున్నా ఆగకుండా నేరుగా వదిన దగ్గరికి వచ్చాడు. "ధర్మవరం మీదుగా వచ్చానండి" అన్నాడు.

వదిన ఒక అడుగు ముందుకు వేసింది. "ఏం కనపడింది?" అంది.

"అన్నీ చిన్నచిన్నగానే అండి. రైలు పట్టాలు, మిద్దెలు…"

"మా వీధి?"

"మీ వీధి ఏదో నాకెలా తెలుస్తుందమ్మా? ఒక మిద్దె మీద మాత్రం బారుగా పసుపు రంగు కనిపించిందండి."

"పసుపా? లేతదా, ముదురుదా?"

పాపం, ఆయన నిజంగానే ఆలోచించాడు. "ముదురుదేనండి" అన్నాడు.

"అయితే పట్టు ఇంగా తడి ఆరలేదు" అంది వదిన. దక్షిణం వైపు తిరిగి కళ్లు మూసుకుంది. అన్న మందు పీపాలు దొర్లిస్తున్నాడు, పైలట్ నీళ్లు తాగడానికి పోయాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది. బొటనవేలు, చూపుడువేలు మెల్లగా ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి, వాటి మధ్య ఒక దారం ఉన్నట్టు.