బీమా ఉన్నవాడి పాదం

కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాక నాకు అంటుకున్న పని ఇది. హైదరాబాద్‌లో డబ్బున్న ఓ సేవాసంస్థ తాను చేయించిన పరిశోధనలను నా దగ్గరికి పంపుతుంది. నేను చదివి, లెక్క సరిగా ఉందో లేదో చెప్పి సంతకం పెట్టాలి. మెదక్‌లో ఇంటి పట్టున కూర్చుని చేసే పని కదా అని ఒప్పుకున్నాను. చెత్త చాలానే చదివాను గాని, మరిచిపోలేనిది మాత్రం ఈ మధ్య వచ్చిన ఒక్కటే.

మెదక్ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బిహారీ హమాలీలకు ఆరోగ్య బీమా ఉందా లేదా అన్నది దాని విషయం. దాదాపు అందరికీ ఉందని తేల్చారు. అందుకని సర్కారు దవాఖానలో వలస కూలీల కోసం సంస్థ పెడదామనుకున్న సహాయ కేంద్రం అక్కర్లేదని చివర సలహా ఇచ్చారు. కార్డు పని చేయనప్పుడు వాళ్ల తరఫున మాట్లాడే ఒక మనిషి, అప్పటికప్పుడు వైద్యానికి కొంత నిధి, ఆ కేంద్రమంటే అంతే. నేను సంతకం పెడితే అది రాదు.

రాసినవాడు నా శిష్యుడే. టేక్మాల్ దగ్గర భూములున్న ఇంటి పిల్లవాడు, రోజూ బస్సులో వచ్చి చదువుకున్నాడు. ఇప్పుడు పేరు ముందు డాక్టర్ ఉంది. రంగురంగుల గ్రాఫులు, నున్నటి ఇంగ్లీషు. చదువుతుంటే ఒకటి గుచ్చుకుంది. ఒక మిల్లులో పనిచేసే వాళ్లందరి జవాబులూ ఒక్కటే. పక్క మిల్లులోనూ అంతే. మనుషులు అట్లా ఉండరు. ఒకే ఇంట్లో అన్నదమ్ములను పోయినసారి జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగినా తలా ఒక రకంగా చెబుతారు.

ఫోన్ చేసి, ఎవరిని అడిగారని నిలదీశాను.

"మేస్త్రీని అడిగినం మేడం. వాళ్లందర్ని తోలుకొచ్చేది గాయనే గదా. ఆయన ముంగట వాళ్లు నోరు తెరువరు" అన్నాడు, అదేదో గొప్ప ఉపాయం కనిపెట్టినట్టు.

పనివాళ్ల తరఫున మేస్త్రీ మాట్లాడటం మిల్లుల్లో రివాజే. కూలి బేరం, రైలు టికెట్లు, సెలవులు అన్నీ ఆయన నోటి మీదుగానే జరుగుతాయి. ఆ రివాజును నా శిష్యుడు అట్లాగే ఎత్తి పరిశోధనలో పెట్టేశాడు. ఒక్కడి మాట తీసుకుని అందరి పేర్ల మీదా ఎక్కించాడు. నేను చెప్పిన చదువు ఇందుకా అని రోత పుట్టింది.

మర్నాడు ఆటో మాట్లాడుకుని, ఊరి బయట నా శిష్యుడు సర్వే చేసిన ఒక మిల్లుకు వెళ్లాను. మేస్త్రీ మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. పట్నం నుంచి వచ్చిన సార్లు సేటు గదిలో ఏసీ కింద కూర్చున్నారనీ, బిర్యానీ తిన్నారనీ, తానొక్కడే లోపలికి పోయి అందరి సంగతీ చెప్పాననీ మురిసిపోతూ వివరించాడు. హమాలీల దగ్గరికి ఒక్కరైనా పోలేదా అంటే, అక్కడ దుమ్ము కదా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ దుమ్ములోకే నడిచాను. మిల్లు వెనక హమాలీలు ఉండే రేకుల షెడ్డు. గుమ్మం దగ్గరే కుళ్లు వాసన గుప్పుమంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. మళ్లీ నా మీద నాకే చీదరేసి దించేశాను. లోపల మంచం మీద ముప్పై ఏళ్లు కూడా ఉండని మనిషి. పేర్చిన బస్తాలు జారి అతని పాదం మీద పడ్డాయట. ఎవరో ఆర్ఎంపీ కట్టు కట్టాడు. కట్టు అంచున వేళ్లు నల్లబడి ఉన్నాయి, ఈగలు ముసురుతున్నాయి.

పక్కన కూర్చున్న అతని భార్యతో నాకొచ్చిన ఉర్దూలో మాట్లాడాను. కార్డు ఉంది. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచుకున్నారు. దెబ్బ తగిలిన రోజే ఓ ప్రైవేటు దవాఖానకు పోతే, మెషీన్ మీద వేలు పెట్టమన్నారు. ఎంత అదిమినా ముద్ర పడలేదు. ఏళ్ల తరబడి గోనె బస్తాలు పట్టీ పట్టీ అతని వేలి గీతలు అరిగిపోయాయి. ముద్ర పడకపోతే మేమేం చేస్తాం, పైసలు కట్టండి అన్నారట. సర్కారు దవాఖానలోనూ అదే మెషీన్ ఉంటుందనుకుని, అటు పోనే లేదు. షెడ్డుకు తిరిగొచ్చి పడుకున్నాడు. పాదం దక్కుతుందా అమ్మా అని ఆమె అడిగింది.

వాళ్లిద్దరినీ అదే ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడ కార్డు అడగలేదు, వేలు అడగలేదు. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, ముందే తేవాల్సిందని నెమ్మదిగా అంది. పాదం తీసేశారు.

జరిగినదంతా శిష్యుడికి చెప్పాను. మేస్త్రీలను కాదు, కూలీలను విడివిడిగా అడగాలనీ, కార్డు ఉందా అని కాదు, కార్డుతో వైద్యం దొరికిందా అని అడగాలనీ రాసి పంపాను. మార్చి పంపుతానన్నాడు. నమ్మాను.

కొన్నాళ్లకు కొత్త ప్రతి వచ్చింది. మేస్త్రీల జవాబులు అట్లాగే ఉన్నాయి, చివరి సలహా కూడా. కొత్తగా చేర్చిందల్లా ఓ పేజీలో ఒక హమాలీ కథ. బీమా కార్డు ఉన్న వలస కార్మికుడు, పని చోట గాయం, మెదక్‌లో రూపాయి ఖర్చు లేకుండా శస్త్రచికిత్స. పక్కన పచ్చ రంగు టిక్కు. ఆ కాగితాన్ని మళ్లీ ముట్టుకోబుద్ధి కాలేదు.

ఫోన్ చేస్తే, "మీరు చెప్పిన కేసే మేడం, మస్తు పనికొచ్చింది" అన్నాడు సంతోషంగా.

"గా ఆపరేషన్ల ఏం తీసేసిండ్రో రాసినవా?"

"జాగ సరిపోలే మేడం."

"కార్డు పనిచేసుంటే వాని పాదం ఉండేది. గా మాట రాయకుంటే నా సంతకం నీకు దొరకదు."

అతనికి కోపం కూడా రాలేదు. "మీది కాకుంటే ఇంకొకల్లది తీసుకుంటం మేడం. మీరు పరేషాన్ కాకుండ్రి" అన్నాడు, ఎంతో గౌరవంగా.

తీసుకున్నారు కూడా. సహాయ కేంద్రం రాలేదు. పాదం పోయిన మనిషినీ, అతని భార్యనూ మేస్త్రీ రైలెక్కించి, బదులుగా అతని తమ్ముడిని రప్పించాడు. ఆ తమ్ముడికి కూడా కార్డు ఉందని మేస్త్రీయే నాకు చెప్పాడు.