పరలోకానికి పడవ వేసిన మేస్త్రీ

సగం వైద్యం ప్రాణానికి ముప్పంటారు. సగం బెంగాలీ ఏకంగా పరలోకానికే ముప్పని ఓ ఆదివారం మధ్యాహ్నం రంగూన్‌లో నలభై మంది పెద్దమనుషుల ఎదుట నేను నిరూపించాను. మీరూ నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఆ రోజు నవ్వినవాళ్ళ కంటే ఎక్కువ నవ్వడం ఎలాగూ మీ తరం కాదు.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, రంగూన్ అహ్లోన్ పేటలో ఓ బియ్యం మిల్లులో రెండేళ్ళు బస్తాలు మోసి, అప్పుడప్పుడే కూలీల మీద చిన్న మేస్త్రీనయ్యాను. మేస్త్రీ అయినవాడికి తలపాగాతోపాటు గర్వం కూడా వస్తుంది. పడుకునేటప్పుడు తలపాగా తీస్తాం. గర్వం తీయం.

మిల్లులో పెద్ద గుమస్తా హరిచరణ్ బాబు బెంగాలీ ఆయన. ఆయన తండ్రికి గుండె జబ్బు. చావంటే భయంతో ఆ ముసలాయనకి నెలల తరబడి కునుకు లేదు. పురాణాలు చదివించారు, భజనలు పెట్టించారు, లాభం లేకపోయింది. చివరికి కొడుకే తండ్రి కోసం బెంగాలీలో పద్యాలతో ఓ నాటకం రాశాడు. చావుకి దగ్గరపడిన జమీందారు నది ఒడ్డున మంచం మీద భయపడుతుంటాడు. పడవవాడు వచ్చి ఒక్క మాట చెబుతాడు. దాంతో భయం పోయి, జమీందారు నవ్వుతూ పడవెక్కుతాడు. జమీందారు వేషం హరిచరణ్ బాబే కట్టాడు. పడవవాడి వేషానికి మాత్రం గుమస్తాలెవరూ ఒప్పుకోలేదు. చొక్కా విప్పాలి మరి.

నన్ను పిలిచి బెంగాలీ వచ్చా అన్నారు. నాకు వచ్చిన బెంగాలీ మిఠాయి దుకాణం గుమ్మం దాటేది కాదు. అయినా తల్లి పాలతో వచ్చిందన్నాను.

నేను చెప్పాల్సింది ఇంతే: "ఓపారే భోయ్ నేయ్, భోర్ ఆఛే." అవతలి ఒడ్డున భయం లేదు, వేకువ ఉంది అని. భోయ్ అంటే భయం, భోర్ అంటే వేకువ. ఈ రెండూ మీరైనా గుర్తుంచుకోండి. నేను ఆ పని చేయలేదు.

వారం రోజులు వల్లించాను. నది అవతల దలాకి వెళ్ళే పడవల దగ్గర నించుని నదికి చెప్పాను. పబేడాన్ పేటలో ఇడ్లీలమ్మే అత్తకి చెబితే, ఇంకో రెండు వడ్డించి చట్నీ పోసింది. నా గదిలోనే ఉండే అప్పన్న వినీ వినీ విసిగిపోయాడు.

"ఏటిరా ఆ గోల? నువ్వు సెప్పీది నీకైనా తెలుసా?"

"తెలకపోడమేటి. బయం లేదని సెప్తన్నాను."

"మరి కాళ్ళెందుకు వొణికిపోతన్నాయి?"

ఆదివారం మిల్లు ఖాళీ గోదాములో నాటకం. ముందు వరసలో వాలుకుర్చీలో ముసలాయన. రెండు బల్లలు కలిపి కట్టి పడవ చేశారు. హరిచరణ్ బాబు మంచం మీద ఎంత బాగా చస్తున్నాడంటే, ఆడవాళ్ళ కొంగులు తడిసిపోయాయి. నేను తెడ్డు పట్టుకుని వచ్చి, ఛాతీ విరుచుకుని చెప్పాను:

"ఓపారే భోర్ నేయ్, భోయ్ ఆఛే."

అంటే, అవతల తెల్లవారదు, భయం మాత్రం ఉంది.

గోదాములో పావురాలు కూడా కువకువలు ఆపేశాయి. జమీందారు ఒక కన్ను తెరిచి, "ఆబార్ బోలో," అని గొణిగాడు. మళ్ళీ చెప్పమని. వెనక వరసకి వినపడలేదు కాబోలనుకున్నాను. అడుసు తొక్కినవాడు కాలు కడుక్కుంటాడు. నేను రెండో కాలూ పెట్టాను. బస్తాలు దించమని కేకేసే గొంతుతో, మాట మాటా విడదీసి, భయం ఉందన్న చోట తెడ్డుతో నేల మీద కొట్టి మరీ చెప్పాను.

పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? అవతలి ఒడ్డు ఇంకోసారి సరిగ్గా చూసి రమ్మని పడవవాణ్ణి బతిమాలుతూ అప్పటికప్పుడు ఏదో కల్పించాడట. నాకు అర్థమైతేగా. నాకు తెలిసిందల్లా జమీందారు పడవెక్కాలని. చేయి పట్టి లాగాను. ఆయన మంచంకోడు పట్టుకున్నాడు. ఆఖరికి బియ్యం బస్తాలా భుజానికెత్తాను. రానని మొత్తుకుంటూ, కాళ్ళు తన్నుకుంటున్న మనిషిని తీసుకెళ్ళి పడవలో దబ్బున దించాను. బల్ల విరిగింది. తెర పడింది.

తెర అవతల ఒకటే నవ్వులు. అన్నిటికంటే పెద్ద నవ్వు ముసలాయనది. కుర్చీ చేతుల మీద చరుస్తూ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నేనేమన్నానో అప్పుడు ఎవరో హిందూస్తానీలో విడమరిచి చెప్పారు. చొక్కా సంగతి కూడా మర్చిపోయి వెనక గుమ్మంలోంచి పారిపోయాను.

పని ఊడిందనే నిశ్చయంతో సోమవారం మిల్లుకి వెళ్ళాను. హరిచరణ్ బాబు నడుముకి గుడ్డ బిగించుకుని కూర్చున్నాడు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"నాన్నగారు నిన్న నిద్రపోయారు," అన్నాడు హిందూస్తానీలో. "తెల్లారేదాకా."

చేతులు కట్టుకుని నించున్నాను.

"వచ్చే ఆదివారం నాటకం మళ్ళీ వేయమన్నారు. నీ మాట దిద్దొద్దన్నారు."

"బాబూ, మరి మీ నడుము..."

"జమీందారు వేషం ఆయనే కడతారట," అన్నాడు. నడుము గుడ్డ సర్దుకున్నాడు. "కొంచెం మెల్లిగా దించమన్నారు."

ఆ క్షణమే కాళీమాత గుడి వైపు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. చూడని ఊరి గురించి, రాని భాషలో, పోబోయే మనిషికి ఈ జన్మలో హామీ ఇవ్వను. ఆ ఒట్టు పై సోమవారం నుంచి అమల్లోకి వచ్చింది.