పొయ్యి కింది పళ్ళేలు

మిన్నెసోటాలోని ఆ పల్లె చర్చిలో ఎవరి అంత్యక్రియలు జరిగినా, భోజనాలయ్యాక నేలమాళిగ వంటగదిలో మిగిలేది ఆర్డిస్ ఒక్కతే. అక్కడి అలవాటు ప్రకారం పొడిలో గుడ్డు కొట్టి కలిపి పెద్ద కూజాలో మరిగించే కాఫీ ప్రతిసారీ పొంగుతుంది. కరెంటు పొయ్యిలో ఎర్రగా కాలే తీగచుట్టల కింద, ఒలికింది పట్టడానికి ఉన్న పళ్ళేలలో పడి, మాడి, నల్లగా కరుచుకుపోతుంది. ఆర్డిస్ చుట్టలు ఊడదీసి, వంటసోడా జల్లి, వేళ్ళు ఎర్రబడేదాకా స్టీలు పీచుతో తోముతుంది. మాడు అంటకుండా ఎవరైనా పళ్ళేలకు వెండికాగితం తొడిగారో, పరపర చించేస్తుంది. “కప్పెడితే మురికి పోతుందా? మీ చేతులేమైనా పడిపోయాయా?” ఆ నోటికి జడిసి ఎవరూ పొయ్యి దరిదాపులకు రారు.

ఆమె భర్త ఓర్లిన్‌ను పాతిపెట్టిన మధ్యాహ్నం, ఆడవాళ్ళంతా కలిసి ఆమెను బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టారు. కాసేపటికే లేచి వంటగదిలోకి వెళ్ళింది. నాలుగు పళ్ళేలూ అద్దాల్లా మెరుస్తున్నాయి. పక్కింటి లవోన్ కాఫీ పొంగకుండా కాపలా కాస్తోంది.

“ఎవరు ముట్టుకోమన్నారే వీటిని?”

“మేమే తోమేశాం అక్కా. ఈ ఒక్కరోజన్నా కూర్చో.”

“కూర్చుని ఏం చెయ్యను? చెప్పు, ఏం చెయ్యను?”

ఆర్డిస్ పొయ్యి మరను చివరంటా తిప్పింది. కాఫీ బుసబుసమంటూ పైకి లేచింది. లవోన్ కూజా దించబోతే చేతిని విసిరికొట్టింది. నురగ అంచు దాటి, ఎర్రటి చుట్ట మీదుగా పళ్ళెంలోకి జారి మాడింది. గదంతా కమురు వాసన కమ్మేశాక, ఆర్డిస్ పొయ్యి ఆపి, నల్ల గౌను చేతులు పైకి మడుచుకుంది.

“ఇప్పుడు ఆ పీచు ఇలా ఇచ్చి, నువ్వు పో.”